సాలు తప్పిన ఆరు రోజులు

మా అమ్మకు 76 ఏళ్లు. పాకాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. రెండు ఎనుములు, కొంచెం పెరడు. బడికి పోలేదు కానీ పాల లెక్క నోటితోనే చెబుతుంది. పదిహేను రోజులకు ఎన్ని లీటర్లు పోసింది, వెన్న ఎంత వచ్చింది, ఎంత డబ్బు రావాలి, అన్నీ. రెండు రూపాయలు తక్కువ పడినా పాలకేంద్రం దగ్గర నిలబడి అడుగుతుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆసుపత్రిలో నాతో "పెద్ద వయసు కదమ్మా, ఇట్లాగే ఉంటారు" అన్న వాళ్లెవరికీ ఇది తెలియదు. తెలిసిన నేను నోరు తెరిచి చెప్పలేదు.

పోయిన ధనుర్మాసంలో ఒక సోమవారం, ఇంకా చీకటి ఉండగానే వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గుపిండి కోసం వెనక్కి తిరిగి జారిపడింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. పక్కింటి వాళ్లు 108లో తిరుపతికి తెచ్చారు. చిత్తూరులో ఎలిమెంటరీ స్కూల్ టీచర్‌ని నేను. సెలవు పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. తమ్ముడు బెంగళూరు నుంచి మధ్యాహ్నానికి వచ్చాడు. ఈ వయసులో తుంటి విరిగితే మంచం మీద ఉంచేకొద్దీ నష్టమని ఎముకల డాక్టరు చెప్పి, మంగళవారమే సగం కీలు మార్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. అందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

థియేటర్‌కు తీసుకుపోయే ముందు నర్సు అమ్మ కమ్మలు, గాజులు, కళ్లద్దాలు, పళ్ల సెట్టు, చెవి మిషన్ అన్నీ తీసి ఒక క్యారీబ్యాగులో వేసి నా చేతికిచ్చింది. బంగారం ఉంది కదా అని దానికి గట్టిగా ముడివేసి నా హ్యాండ్‌బ్యాగు అడుగున దాచాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ ముడి విప్పలేదు.

బుధవారం పగలంతా అమ్మ బాగానే మాట్లాడింది. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో దుప్పటి అంచును వేళ్లతో పీకడం మొదలుపెట్టింది. దారం వడికినట్టు, లేని పోగులు ఏరినట్టు. "ఏం మా?" అంటే నా వైపు చూసి, చనిపోయిన వాళ్ల చెల్లెలి పేరుతో నన్ను పిలిచింది. "ఎనుములకు కసువేసినారా? అందరూ యాడికి పోయినారు?" అంది. ఊళ్లో పక్కింటాయన చూసుకుంటున్నాడని చెప్పాను. ఆమెకు వినపడలేదో, విన్నది నిలవలేదో, మళ్లీ అదే అడిగింది. ఎనిమిదింటికి తలుపు వైపు చెయ్యి చూపించి, "మీ నాయన ఆడ నిలబడుకోని ఉండాడు, లోపలికి రమ్మను" అంది. నాయన పోయి తొమ్మిదేళ్లయింది. నాకు వెన్నులో వణుకు పుట్టింది.

సిస్టర్‌ను పిలిచాను. మత్తు దిగేదాకా పెద్దవాళ్లు అలాగే ఉంటారంది. చూడటానికి వచ్చిన మా మేనత్త నన్ను పక్కకు లాగి, "చచ్చిపోయినోళ్లు కండ్లకు కనబడతా ఉండారంటే ఇంగ ఎక్కువ దినాలు లేనట్లేనే పాపా" అని ఏడ్చింది. గాలి సోకిందని ఇంకొకరన్నారు. ఎవరో విభూతి తెచ్చి పెట్టారు. వాళ్లెవరి మీదా నాకు కోపం లేదు, అందరూ ప్రేమతోనే అన్నారు. కానీ ఆ రాత్రి నేను విన్న మాటలన్నీ, మత్తు అన్నా వయసు అన్నా పోయేకాలం అన్నా గాలి అన్నా, చేయగలిగింది ఏమీ లేదనే చెప్పాయి. ఏదో ఒక కారణం ఉంటుంది, వెతకాలి అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పదకొండింటికి సెలైన్ గొట్టం పీకేసింది. పడక మీద రక్తం. లేచి దిగబోయింది. మార్చిన కీలు జారిపోతుందని భయపడి నేనూ తమ్ముడూ భుజాలు పట్టుకున్నాం. మేం పట్టుకునే కొద్దీ ఇంకా పెనుగులాడింది. చివరికి గుడ్డ పట్టీలతో రెండు చేతులూ మంచం కమ్మీలకు కట్టేశారు. నిద్రకని ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. నన్ను అడిగే చేశారు, నేను సరేనన్నాను. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు, ముప్పై మంది రోగులు ఉన్న చోట ఎక్కడైనా అదే జరిగే అవకాశం ఉంది.

గురువారం పొద్దునకు అమ్మ నెమ్మదించింది. కట్లు విప్పారు. మూత్రం గొట్టం కూడా ఆ పొద్దునే తీసేశారు. కళ్లు సగం మూసుకుని, పిలిస్తే "ఊ" అని, మళ్లీ మగత. పెట్టిన ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది. పోనీలే, రాత్రి నిద్ర లేదు, పడుకోనీ అనుకున్నాం. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి "ఏం అవ్వా, బాగుందా?" అంటే తల ఊపింది. ఆయనా సంతోషించారు. ఆ పగలంతా, రాత్రంతా అమ్మ అలాగే పడి ఉంటే నేను వరండాలో చాప పరుచుకుని హాయిగా నిద్రపోయాను. ఈ మొత్తం కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది కట్లు కట్టిన రాత్రి కాదు. నేను హాయిగా పడుకున్న ఈ రాత్రి.

శుక్రవారం మధ్యాహ్నం రక్తపరీక్ష రిపోర్టు ఏదో తేడాగా ఉందని జనరల్ మెడిసిన్ నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించారు. ఆమె రిపోర్టు చూడకముందే నన్ను అడిగింది, "ఇంట్లో ఈమె ఎట్లా ఉండేది?" అని. పాల లెక్క సంగతి చెప్పాను. "పోయిన ఆదివారం కూడా లెక్క చెప్పిందా?" చెప్పింది, ఫోన్లో నాతోనే చెప్పింది. "ఈ తేడా ఎప్పుడు మొదలైంది?" బుధవారం సాయంత్రం ఆరున్నరకి. "ఆదివారం లెక్క చెప్పిన మనిషి బుధవారానికి కూతురిని గుర్తుపట్టకపోతే అది వయసు ఎట్లా అవుతుందమ్మా? వయసు మూడు రోజుల్లో రాదు కదా" అంది.

తర్వాత అమ్మ దగ్గరికి వంగి, వారాల పేర్లు వెనక్కి చెప్పమంది. అమ్మకు వారాలు బాగా తెలుసు. సోమవారం శివుడికి, శనివారం ఒక్కపొద్దు, ఆదివారం కోడి తెగదు. "ఆదివారం... శనివారం..." అంది, ఆగిపోయింది. కాసేపటికి "ఎనుము" అంది. మళ్లీ కళ్లు మూసుకుంది. జ్ఞాపకం కంటే ముందు దెబ్బతినేది ఏకాగ్రత అని డాక్టరమ్మ నాకు వివరించింది. ఒక పనిని మనసులో పట్టుకుని చివరిదాకా తీసుకుపోలేకపోవడం. దీని పేరు డెలీరియం. కేకలు వేసి పెనుగులాడే రకం ఒకటి, ఇట్లా మగతగా పడి ఉండే రకం ఒకటి, రెండూ కలిసి వచ్చేది ఇంకొకటి. "గొడవ చేసే వాళ్లను అందరూ చూస్తారు. గమ్మునున్న వాళ్లను ఎవరూ చూడరు. పెద్దవాళ్లలో తప్పిపోయేది ఈ గమ్మునుండేదే, దీంట్లోనే ప్రమాదం ఎక్కువ."

ఆ తర్వాత ఆమె కారణాల కోసం వెతకడం నేను కళ్లారా చూశాను. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు వెతికినట్టు ఒక్కోటీ తడిమి చూసింది. మొదట పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి నొక్కింది. అమ్మ మూలిగింది. "గొట్టం తీసినాక మూత్రం పోసిందా?" అంటే, డైపర్ తడుస్తూనే ఉంది మేడమ్ అన్నాను. తడవడం అంటే పోసినట్టు కాదట. కుండ నిండి పొర్లితే నేల తడిసినట్టు, సంచి నిండిపోయి కొంచెం కొంచెంగా కారుతుందట. గొట్టం వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. రోజంతా అంత బాధను మోస్తూ, చెప్పే శక్తి లేక, మా అమ్మ పడి ఉంది. నేను డైపర్లు మారుస్తూ అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

విరేచనం ఎన్నాళ్లయిందని అడిగింది. సోమవారం పడినప్పటి నుంచి లేదు. రక్తంలో సోడియం చేరినప్పుడు 131 ఉన్నది శుక్రవారానికి 124కు పడిపోయింది. ఏళ్లుగా వాడుతున్న బీపీ మాత్రలో ఒంట్లో నీరు దించే మందు కలిసి ఉందట, పెద్దవాళ్లలో అది సోడియాన్ని తగ్గిస్తుందట. మేము ఆ మాత్ర ఆసుపత్రిలో కూడా గుర్తుపెట్టుకుని రోజూ వేశాం. నొప్పికి ఇచ్చిన ట్రమడాల్, ఒంటి మీద దురద అన్నందుకు ఇచ్చిన ఫెనిరమైన్ అనే పాతరకం అలర్జీ మందు, బుధవారం రాత్రి నిద్ర ఇంజెక్షన్, మూడూ పెద్దవాళ్ల మెదడును మసకబార్చేవేనట. ఆ అలర్జీ మందు మూత్రం రాకుండా కూడా ఆపుతుందట. మన పల్లెల్లో జలుబుకు, దురదకు ఎవరైనా ముందు వేసుకునే మాత్రలు ఈ జాతివే. అప్పటిదాకా అవి ప్రమాదం లేని మందులనే నా నమ్మకం.

"ఒక్క కారణం కాదమ్మా. నాలుగైదు చిన్నవి కలిసి వచ్చాయి. కుర్రవాళ్లయితే తట్టుకుంటారు. ఈమె వయసుకు ఒక్కోటీ ఒక్కో ఇటుక" అంది. అప్పుడు అడిగింది, "ఈమెకు చెవులు వినపడతాయా?"

హ్యాండ్‌బ్యాగు తీసి, పళ్లతో ముడి విప్పాను. కళ్లద్దాలు, పళ్లు, చెవి మిషన్. మూడు రోజులుగా అమ్మకు మాట వినపడలేదు, ముఖం కనపడలేదు, తిండి నమలడం చేతకాలేదు. చుట్టూ పెదవులు కదిలే నీడలు. అందులో ఒకటి వచ్చి చేతులు కట్టింది. నేను ఆ స్థానంలో ఉన్నా నాయనను పిలిచేదాన్నే.

సోడియం సరిచేయడం హడావుడిగా చేయకూడదట. రోజుకు 8 పాయింట్లు మించి పెరిగితే మెదడుకే దెబ్బ తగలవచ్చని, కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తూ నెమ్మదిగా పెంచారు. బీపీ మాత్ర మార్చారు. అలర్జీ మందు, నిద్రమందు ఆపేశారు. ట్రమడాల్ బదులు పారాసిటమాల్, అదీ అమ్మ అడిగినప్పుడు కాదు, గడియారం చూసి వేళకు వేయమన్నారు. ఎందుకంటే ఈ స్థితిలో ఉన్నవాళ్లు నొప్పి అని అడగలేరు. నొప్పి తగ్గించకపోయినా మనసు చెదురుతుంది, మందు ఎక్కువైనా చెదురుతుంది. మరీ ఆందోళనతో తనకు తాను హాని చేసుకునేలా ఉంటే హాలోపెరిడాల్ అనే మందు చాలా తక్కువ మోతాదులో కొద్ది రోజులు వాడతారట. మాకు ఆ అవసరం రాలేదు.

మిగతాదంతా మాకు అప్పగించింది. "ఇందులో సగం వైద్యం మీ చేతుల్లోనే ఉంది" అంది. ఆ మాట నన్ను నిలబెట్టింది. అప్పటిదాకా చూస్తూ ఏడవడం తప్ప నాకు పనిలేదు.

సిస్టర్‌ను బతిమాలి అమ్మ మంచాన్ని కిటికీ పక్కకు మార్పించాను. అక్కడ నుంచి కొండ కనిపిస్తుంది. తమ్ముడు తిరుమల దేవస్థానం క్యాలెండర్, పెద్ద అంకెల గోడ గడియారం కొనుక్కొచ్చి ఎదురుగా తగిలించాడు. పొద్దున్నే కర్టెన్ తీసేయడం, పగలు మగతలోకి జారిపోనివ్వకుండా మాట్లాడుతూ ఉండటం, రాత్రి తొమ్మిదిన్నరకు మా వైపు లైటు ఆపించడం. రాత్రి రెండింటికి బీపీ చూడటానికి లేపకుండా, అవసరం లేకపోతే పొద్దున చూస్తారా అని అడిగాను. డాక్టరమ్మ ఫైల్లో రాసింది కాబట్టి ఒప్పుకున్నారు. పల్లె నుంచి పదిమంది ఒక్కసారిగా వచ్చి మంచం చుట్టూ నిలబడేవాళ్లు. వాళ్లను ఆపడం కష్టమైన పని, బంధువుల్లో మాట కూడా వచ్చింది. తమ్ముడు వరండాలో కూర్చుని ఒక్కొక్కరినే పంపాడు. మంచం దగ్గర మాత్రం నేను లేదా తమ్ముడి భార్య, మేమిద్దరమే. ముఖాలు మారకూడదు.

శనివారం ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి ఇద్దరి సాయంతో అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాడు. తల వాలిపోతోంది, పది నిమిషాలు. సాయంత్రం ఇరవై. ఆదివారం వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు. మూత్రం గొట్టం ఎంత తొందరగా తీయగలిగితే అంత మంచిదని ఆదివారమే తీసి, ఈసారి ప్రతి నాలుగు గంటలకూ నేనే బాత్రూమ్‌కు తీసుకుపోయి, పోసిందీ లేనిదీ రాసి పెట్టాను. పళ్లు పెట్టుకుంది కాబట్టి సంగటి మెత్తగా పిసికి పప్పుతో రెండు ముద్దలు తిన్నది. పళ్లు లేకుండా మూడు రోజులు మేము ఆమెకు ఇడ్లీ పెడుతూ, తినట్లేదని బాధపడ్డాం.

మాట్లాడే తీరు నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాయన వచ్చాడు అంటే మొదట్లో "నాయన లేడు మా, చనిపోయి తొమ్మిదేళ్లయింది" అనేదాన్ని. ఆ వార్త ఆమెకు అప్పుడే కొత్తగా తెలిసినట్టు ముఖం నలిగిపోయేది. పది నిమిషాలకు మళ్లీ నాయన వచ్చేవాడు, మళ్లీ నేను చెప్పేదాన్ని, మళ్లీ ఏడ్చేది. అట్లా ఎన్నిసార్లు నాయనను చంపానో. తమ్ముడు ఇంకో రకం. "ఆ, వచ్చినాడు, బయట కూర్చోనుండాడు" అనేవాడు. అప్పుడేమో ఎందుకు లోపలికి రాడని గొడవ. డాక్టరమ్మ చెప్పింది: వాదించొద్దు, తలా ఊపొద్దు. ఆ మాట వెనకున్న భయానికి జవాబు చెప్పండి. నేను "నాయన గుర్తొచ్చినాడా మా? నేను నీ కూతుర్ని. నువ్వు తిరుపతిలో ఆసుపత్రిలో ఉండావు. కాలికి ఆపరేషన్ చేసినారు. నేను ఈడే ఉంటా, యాడికీ పోను" అని, చెయ్యి పట్టుకుని, పొట్టి మాటల్లో, ప్రతిసారీ అవే మాటలు చెప్పడం మొదలుపెట్టాను. చెవి మిషన్ ఉంది కాబట్టి ఆ మాటలు ఆమెదాకా చేరాయి. రోజుకు నలభై సార్లు చెప్పి ఉంటాను.

ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. టైము, అమ్మ ఎలా ఉంది, ఏం తిన్నది, ఎంత పడుకుంది. టీచర్లకు రాయడం అలవాటే కదా. దాని విలువ ఆదివారం తెలిసింది. పొద్దున తొమ్మిదింటికి రౌండ్స్‌లో అమ్మ చక్కగా పేరు, ఊరు చెప్పింది. డ్యూటీ డాక్టరు నయమైందన్నాడు. పుస్తకం చూపించాను: ముందురోజు సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి పదకొండు దాకా గది గోడ మీద చీమలు పాకుతున్నాయంది, నన్ను గుర్తుపట్టలేదు. ఈ జబ్బు లక్షణమే అది. పొద్దున ఉన్న మనిషి సాయంత్రం ఉండదు. ఐదు నిమిషాలు చూసిపోయే డాక్టరుకు అది కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. రోజంతా పక్కన కూర్చునే మనకే కనపడుతుంది. మనం చెప్పకపోతే ఆ సమాచారం ఇంకెక్కడా ఉండదు.

ఆ ఆదివారం రాత్రి కిటికీలోంచి చూస్తూ, "ఆ దీపాలేంది?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా ఆగాను. చాలాసేపు చూసింది. "గాలిగోపురం కదా అది" అంది. తర్వాత నన్ను చూసి, నా పేరుతో పిలిచి, "నువ్వు బడికి పోలేదా?" అంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

సోమవారం వారాలు వెనక్కి అడిగితే మంగళవారం దగ్గర ఒక్కసారి తడబడింది కానీ చివరిదాకా చెప్పింది. సోడియం 134. మళ్లీ అడిగితే విసుక్కుంది, "ఎన్నిసార్లు చెప్పల్ల మే?" అని. ఆ విసుగు మా అమ్మది. దాన్ని విన్నాక నాకు ధైర్యం వచ్చింది. బుధవారం ఇంటికి పంపారు.

చిత్తూరులో మా ఇంటికే తీసుకొచ్చాను. పూర్తిగా తేరుకోవడానికి నెలన్నర పట్టింది. సాయంత్రాలు కొంచెం తికమక, రాత్రి లేచి కూర్చోవడం, చెప్పిందే చెప్పడం. డాక్టరమ్మ ముందే చెప్పింది, కొందరికి రోజుల్లో, కొందరికి నెలల్లో తగ్గుతుందని, కొందరు మునుపటంత కారని. ఒకసారి డెలీరియం వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, తర్వాత మతిమరుపు జబ్బు వచ్చే అవకాశమూ ఎక్కువ. అందుకే మూడు నెలలకు జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాను, బాగానే ఉందన్నారు.

ఆ నెలన్నరలో నేను దీని గురించి చాలా చదివాను. 1990లో అమెరికాలో షారన్ ఇనోయె అనే వృద్ధుల వైద్యురాలు, ఆమెతో పనిచేసిన వాళ్లు దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి తయారుచేశారు. తేడా ఉన్నట్టుండి మొదలై ఎక్కువ తక్కువ అవుతుండటం, ఏకాగ్రత లేకపోవడం, మాటల్లో పొంతన లేకపోవడం, మెలకువ స్థాయిలో మార్పు. మొదటి రెండూ ఉండి, తర్వాతి రెంటిలో ఒకటి ఉంటే డెలీరియం అని అనుమానించాలి. బుధవారం రాత్రి మా అమ్మలో నాలుగూ ఉన్నాయి. మళ్లీ వాళ్లే 1999లో 70 ఏళ్లు దాటిన 852 మంది ఆసుపత్రి రోగుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. కళ్లద్దాలు, చెవి మిషన్, నడిపించడం, నీళ్లు తాగించడం, నిద్ర, రోజూ తేదీ గుర్తుచేస్తూ మాట్లాడటం. మామూలుగా చూసిన వాళ్లలో వందకు 15 మందికి డెలీరియం వస్తే, ఇవన్నీ చేసిన వాళ్లలో 9.9 మందికే వచ్చింది. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు. ఇది చదివినప్పుడు నాకు నా హ్యాండ్‌బ్యాగు గుర్తొచ్చింది.

డెలీరియం అన్న మాటకు లాటిన్‌లో అర్థం సాలు తప్పడం అట. దున్నుతున్న నాగలి సాలులోంచి పక్కకు పోవడం. అమ్మకు చెప్తే వెంటనే అర్థమైంది. "సంధి అంటారు కదే దాన్ని. మా అవ్వకు జరమొచ్చి సంధి మాటలు మాట్లాడింది" అంది. నిజమే, సంధి ప్రేలాపన అనే మాట మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. వెనకటి వాళ్లకు అది జ్వరంతో వచ్చే జబ్బు అని తెలుసు. మధ్యలో మనమే దాన్ని వయసు అనడం మొదలుపెట్టాం.

ఆ ఆరు రోజులు అమ్మకు గుర్తుండవనుకున్నాను. ఉగాది తర్వాత ఒకరోజు చెనక్కాయలు ఒలుస్తూ అడిగింది, "ఆ దినం చేతులు కట్టేసినారు కదా మే. నేను ఏమన్నా దొంగతనం చేసినానా?" నాకు నోట మాట రాలేదు. జబ్బులో అట్లా జరిగిందని, నువ్వు పడిపోతావని భయపడ్డామని, నన్ను క్షమించమని చెప్పాను. "నువ్వు ఉండావా అప్పుడు?" అంది. ఉన్నానన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వుండేది తెలిసుంటే భయపడేదాన్ని కాదు" అంది. డెలీరియం నుంచి బయటపడ్డవాళ్లతో దాని గురించి మాట్లాడాలని, వాళ్లు దాన్ని సిగ్గుగా, పీడకలగా లోపలే మోస్తారని ఎక్కడో చదివాను. నేను వాయిదా వేశాను. ఆమే అడగాల్సి వచ్చింది.

ఎండాకాలానికి వాకర్ వదిలేసి చేతికర్రతో పల్లెకు వెళ్లిపోయింది. ఎనుముల్ని అమ్మమంటే వినలేదు. ఒకటి అమ్మింది.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఫోన్ చేస్తే పాల లెక్క అడిగాను, మామూలుగా అడిగినట్టే. లీటర్లు చెప్పింది, డబ్బు దగ్గరికొచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగింది. వారాలు వెనక్కి చెప్పమన్నాను. శుక్రవారం దాకా వచ్చి, "చలేస్తా ఉండాది" అంది. పక్కింటాయన్ని దగ్గరే ఉండమని చెప్పి కారు మాట్లాడుకుని బయలుదేరాను. రాత్రి తొమ్మిదింటికి తిరుపతిలో ఆసుపత్రిలో ఉన్నాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం అప్పుడే అందుకుంటోంది. క్యాజువాలిటీలో డాక్టరుకు నా మొదటి వాక్యం ఇది: "నిన్న ఈమె ఇట్లా లేదు సార్. మధ్యాహ్నం నుంచి మారింది. ఇంతకుముందు డెలీరియం వచ్చింది. ఏ మందులతో వచ్చిందో కాగితం మీద రాసి తెచ్చాను." ఆయన కాగితం తీసుకుని చదివాడు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రాత్రులు ఉన్నాం. మొదటి రాత్రి కొంచెం తికమకపడింది, నన్ను మాత్రం వదల్లేదు. వార్డులోకి తీసుకుపోయేటప్పుడు ఆయమ్మ వచ్చి నగలు, కళ్లద్దాలు తీసి ఇవ్వమంది. అమ్మ కమ్మలు తీసి ఇచ్చింది, గాజులు ఇచ్చింది. చెవి మిషన్ మీదికి చెయ్యి పోగానే తల పక్కకు తిప్పుకుని, "ఇది తియ్యొద్దు తల్లీ, ఇది తీస్తే నేను యాడుండానో నాకు తెలీదు" అంది. సిస్టర్ ఆ మాట విని, ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసింది.